జపాన్‌లో ఈటీసీ: కార్డు మీది, యూనిట్ కారుది

మీరు రాసిన పరిస్థితి ఇదీ: టోక్యో వచ్చి తొమ్మిది నెలలైంది. చేతిలో ఏడాది వీసా ఉంది. జపాన్ లైసెన్సు వచ్చింది. నగోయాలో తెలిసినవాళ్ల దగ్గర పాత వ్యాగన్ ఆర్ కొన్నారు, అందులో ఈటీసీ యూనిట్, అంటే టోల్ గేటు దగ్గర ఆగి డబ్బు ఇవ్వకుండా దాటించే పరికరం, ముందే ఉంది. కార్డు కోసం రెండు నెలల్లో మూడు క్రెడిట్ కార్డు కంపెనీలకు దరఖాస్తు పెడితే మూడూ కుదరదన్నాయి. మీరు అడిగినవి రెండు. మన ఫాస్టాగ్‌లాగా డబ్బు కట్టి తెచ్చుకునే దారి లేదా? యూనిట్ ఎలాగూ ఉంది కాబట్టి కార్డు దొరకగానే దూర్చి వెళ్లిపోవచ్చా?

మొదటిదానికి జవాబు: క్రెడిట్ కార్డు లేకుండా డిపాజిట్ కట్టి తీసుకునే కార్డు ఒకటుంది, కింద వివరంగా రాస్తాను. రెండోదానికి జవాబు: వెళ్లకూడదు. నగోయా ప్లేటు తీసేసి టోక్యో ప్లేటు వేయించుకున్నారంటే ఆ యూనిట్‌కి మళ్లీ సెటప్ చేయించాలి. చేయించేదాకా ఈటీసీ లేన్‌లోకి పోవద్దు.

ఫాస్టాగ్ అలవాటుతో చూస్తే ఇక్కడి పద్ధతి తికమకగా ఉంటుంది. ఫాస్టాగ్‌లో అద్దం మీది స్టిక్కరే సర్వస్వం. బండి నంబరు, డబ్బు రెండూ దానికే ముడిపడి ఉంటాయి. జపాన్‌లో ఆ రెంటినీ విడదీశారు. కారులో బిగించిన యూనిట్‌ని ఇక్కడ ‘షాసైకి’ అంటారు. దానికి తెలిసింది కారు గురించే: ప్లేటు నంబరు, బండి తరగతి. డబ్బు ఎవరు కడతారన్నది కార్డులో ఉంటుంది. యూనిట్ కారుని అంటిపెట్టుకుని ఉంటుంది, కార్డు మనిషితో తిరుగుతుంది. గేటు దగ్గర వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం, ఈ రెండింటిలో ఒకటి మారినప్పుడు ఆ మార్పు నమోదు చేయించకపోవడం వల్లే వస్తాయి. ఇంకో తేడా, ఇది ముందుగా డబ్బు వేసుకునే వాలెట్ కాదు. వాడుకున్నాక బిల్లు వస్తుంది. అందుకే ‘ఈ మనిషి తర్వాత కడతాడా’ అన్న ప్రశ్న పుడుతుంది. విదేశీయుడికి అసలు చిక్కు అక్కడే.

ఈటీసీ లేకుండా నగదుతో నడపలేమా అంటే నడపవచ్చు, కానీ ఏటికేడు కష్టమవుతోంది. టోక్యో నగరం మీదుగా పోయే షుతో ఎక్స్‌ప్రెస్‌వేలో 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకి ఈటీసీ ఉంటే దూరాన్ని బట్టి 300 నుంచి 1,950 యెన్లు. ఈటీసీ లేకపోతే రెండు ఎగ్జిట్‌ల దూరమే వెళ్లినా చాలా చోట్ల పూర్తి 1,950 కట్టాలి. టోక్యో బే ఆక్వాలైన్‌లో మామూలు కారుకి నగదు ధర 3,140 యెన్లు, ఈటీసీతో అయితే 800. సెలవు రోజుల్లో కొన్ని గంటలకు మాత్రం ఈ 800 మారుతుంది. పైగా 2022 మార్చి నుంచి షుతోలో ‘ఈటీసీకి మాత్రమే’ అనే గేట్లు మొదలయ్యాయి. నగరాల్లోనూ బయటా అన్ని టోల్ గేట్లనూ దశలవారీగా అలా మార్చాలన్నది 2020 చివర్లోనే ప్రకటించిన విధానం.

ఇక కార్డు సంగతి. ఎందుకు కాదన్నారో కంపెనీలు చెప్పవు. మీ వివరాలు చూస్తే కారణాలు ఊహించడం కష్టం కాదు. వీసా గడువు తక్కువ, ఉద్యోగంలో ఏడాది నిండలేదు, జపాన్‌లో అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర లేదు, అన్నిటికీ మించి వెంటవెంటనే మూడు దరఖాస్తులు. మీరు పెట్టిన ప్రతి దరఖాస్తూ సీఐసీ అనే రుణ సమాచార సంస్థలో ఆరు నెలలు కనిపిస్తుంది. నాలుగో కంపెనీ తెరిచి చూస్తే మూడు దరఖాస్తులు ఉంటాయి, ఒక్క కార్డూ ఉండదు. కాబట్టి ఇప్పుడు నాలుగోది పెట్టకండి. చివరి దరఖాస్తు తేదీ నుంచి ఆరు నెలలు ఆగండి.

ఆ ఆరు నెలల్లో చేయదగ్గవి ఉన్నాయి. ఫోను కొనాల్సి వస్తే ఒకేసారి డబ్బు కట్టకుండా ఇక్కడి టెలికాం కంపెనీలో వాయిదాల మీద తీసుకోండి. ఆ వాయిదాలు సీఐసీలో నమోదవుతాయి, నెలనెలా సమయానికి కడితే అదే మీ మొదటి చరిత్ర. ఒక్క నెల తప్పినా అదీ నమోదవుతుంది, కాబట్టి కచ్చితంగా ఖాతా నుంచి కట్ అయ్యేలా పెట్టుకోండి. వీసా పొడిగింపు దగ్గర్లో ఉంటే, కొత్త జైర్యూ కార్డు (విదేశీయులకిచ్చే నివాస గుర్తింపు కార్డు) చేతికొచ్చాకే క్రెడిట్ కార్డుకి దరఖాస్తు పెట్టండి. మూడు నెలల్లో అయిపోయే వీసా చూపించి ఐదేళ్ల కార్డు అడిగితే ఇవ్వరు. దరఖాస్తులో నగదు అప్పు పరిమితి అడిగే గడి ఒకటుంటుంది. దాన్ని సున్నా చేయండి. అది పెట్టుకుంటే వేరే చట్టం కింద అదనపు పరిశీలన ఉంటుంది, మీకు దానితో పని లేదు. ఆఫీసు ఫోన్ నంబరు రాసేచోట, ఎవరో ఒకరు ఎత్తి ‘అవును, ఆయన ఇక్కడే పనిచేస్తారు’ అని చెప్పగల నంబరు రాయండి. ఉద్యోగం నిజమా కాదా అని ఫోన్ చేసే కంపెనీలు ఉన్నాయి.

మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ పేరు దగ్గర. తెలుగు పేరు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో కలిపి నాలుగు ముక్కలుంటుంది, జైర్యూ కార్డు మీద అదే వరసలో వస్తుంది. బ్యాంకు ఖాతా పేరు మాత్రం కటకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, ఉంటుంది. ఖాతా తెరిచిన రోజు కౌంటర్‌లో ఉన్నవారు ‘వెంకట’ అన్నది ఎలా విన్నారో అలా రాసి ఉంటారు. కొందరు ‘వె’ ధ్వనికి వాడే అక్షరంతో రాస్తారు, కొందరు ‘బె’ అక్షరంతో ‘బెంకత’ అని రాస్తారు. ‘సుబ్రహ్మణ్యం’ సంగతి చెప్పనక్కర్లేదు. కార్డు దరఖాస్తులో మీరు ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉంటే, ఖాతా నుంచి డబ్బు కట్ చేసుకునే అనుమతి ఆగిపోతుంది, కాగితాలు తిరిగొస్తాయి. బ్యాంకు పాస్‌బుక్ లేదా యాప్ తెరిచి, ఖాతా పేరు కటకానాలో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి, మధ్యలో ఖాళీ ఎక్కడుందో కూడా చూసి, అదే దరఖాస్తులో దించండి. ఉచ్చారణ తప్పుగా అనిపించినా సరే, దించండి. పేరు పొడవై గడుల్లో పట్టకపోతే మీ అంతట మీరు కుదించవద్దు. బ్యాంకు ఎక్కడ కత్తిరించిందో మీరూ అక్కడే ఆపండి.

క్రెడిట్ కార్డు వచ్చాక దానికి అనుబంధంగా ఈటీసీ కార్డు అడగాలి. కొన్ని కంపెనీలు రెండూ కలిపి ఇస్తాయి, కొన్ని అసలు కార్డు వచ్చాకే తీసుకుంటాయి. ఏడాది రుసుము చాలా చోట్ల ఉండదు, ఉన్నచోట 550 యెన్లు సాధారణం. పోస్టులో రావడానికి రెండు వారాలు పెట్టుకోండి. సొంత కారు లేకపోయినా ఈటీసీ కార్డు ఇస్తారు. కాబట్టి కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు కారు కంటే ముందు కార్డు పని మొదలుపెట్టడం మంచిది. ఆలస్యమయ్యేది అదే.

ఆరు నెలలు ఆగలేనివాళ్లకి ‘ఈటీసీ పర్సనల్ కార్డు’ ఉంది. ‘పాసోకా’ అంటారు. ఎక్స్‌ప్రెస్‌వేలు నడిపే నెక్స్‌కో తూర్పు, మధ్య, పశ్చిమ కంపెనీలు, షుతో, హన్షిన్, హోన్షూ-షికోకు వంతెనల కంపెనీ, ఈ ఆరూ కలిసి ఇస్తాయి. క్రెడిట్ కార్డు అక్కర్లేదు. నెలకి ఎంత వాడతారో మీరు చెప్పిన అంచనాని బట్టి డిపాజిట్ కట్టాలి. ఏడాదికి 1,257 యెన్ల రుసుము ఉంటుంది. టోల్ డబ్బు మీ బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా నుంచి నెలనెలా కట్ అవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. డిపాజిట్ అంటే ముందే వేసుకున్న డబ్బు కాదు. టోల్ అందులోంచి పోదు. అది హామీగా అలాగే ఉంటుంది, కార్డు మూసినప్పుడు తిరిగి వస్తుంది. ఇంకా కట్ అవ్వని టోల్ మొత్తం డిపాజిట్‌లో 80 శాతం దాటిందంటే కార్డు ఆగిపోతుంది. బిల్లు కట్ అవ్వడానికి వారాలు పడుతుంది కాబట్టి రెండు నెలల వాడకం ఒకేసారి ‘ఇంకా కట్టనిది’గా లెక్కలో ఉండే అవకాశం ఉంది. మామూలుగా నెలకి 3,000 యెన్లు వాడేవాళ్లు గోల్డెన్ వీక్‌లో (ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరస సెలవుల్లో) ఒసాకా దాకా వెళ్లొస్తే, తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర కార్డు పనిచేయదు. డిపాజిట్ అంచనా వేసేటప్పుడు మీ మామూలు నెల కాదు, ఎక్కువ తిరిగే నెల చూసుకోండి. దరఖాస్తు జపనీస్‌లో ఉంటుంది. కాగితాలు పంపడం, డిపాజిట్ స్లిప్పు రావడం, కట్టడం, కార్డు రావడం అన్నీ పోస్టులోనే. నెల రోజులు పడుతుందనుకుని మొదలుపెట్టండి. బ్యాంకు పేరు గురించి పైన రాసిందంతా దీనికీ వర్తిస్తుంది.

ఇప్పుడు మీ వ్యాగన్ ఆర్‌లో ఉన్న యూనిట్. సెటప్ అంటే ప్లేటు నంబరు, బండి తరగతి సంకేత రూపంలో యూనిట్‌లోకి ఎక్కించడం. ఇది ఇంట్లో చేసుకునేది కాదు, నమోదైన సెటప్ దుకాణమే చేయాలి. కారు డీలర్లు, ఆటోబాక్స్, యెల్లో హ్యాట్ లాంటి కారు సామాన్ల దుకాణాల్లో చేస్తారు. షాకెన్‌షో (కారు తనిఖీ ధ్రువపత్రం), మీ లైసెన్సు పట్టుకెళ్లండి. 2023 జనవరి నుంచి మామూలు కార్లకి, 2024 జనవరి నుంచి మీ కారులాంటి కేయి కార్లకి (చిన్న ఇంజన్ కార్ల తరగతి) షాకెన్‌షో చిన్న ఎలక్ట్రానిక్ కాగితంగా మారింది. అందులో కొన్ని వివరాలు పైకి అచ్చయి ఉండవు. దానితోపాటు ఇచ్చిన ‘కిరొకు జికో’ అనే ఏ4 కాగితం కూడా ఉంచుకుంటే కౌంటర్ దగ్గర వెనక్కి తిరగాల్సిన పని ఉండదు. సెటప్‌కి సుమారు 3,000 యెన్లు తీసుకుంటారు, పని అరగంటలో అయిపోతుంది.

మళ్లీ సెటప్ ఎప్పుడెప్పుడు కావాలంటే: ప్లేటు మారినప్పుడు, యూనిట్‌ని వేరే కారులోకి మార్చినప్పుడు, ట్రైలర్ లాగే కొక్కెం లాంటిది బిగించి తరగతి మారే అవకాశం వచ్చినప్పుడు. ఇల్లు మారినా ప్లేటు మారకపోతే అక్కర్లేదు. ఇదంతా ఎందుకింత పట్టుదల అంటే, యూనిట్ చెప్పిన తరగతిని బట్టే టోల్ పడుతుంది. కేయి కారుకి సెటప్ చేసిన యూనిట్‌ని ఆన్‌లైన్‌లో చవగ్గా కొని పెద్ద కారులో బిగించుకుంటే తక్కువ టోల్ పడుతుంది. దాన్ని పొరపాటుగా కాదు, అక్రమ ప్రయాణంగా చూస్తారు. ఎగ్గొట్టిన టోల్‌తోపాటు దానికి రెట్టింపు అదనంగా, అంటే మొత్తం మూడింతలు వసూలు చేసే అధికారం చట్టంలో ఉంది. 3,00,000 యెన్ల వరకు జరిమానా పడే నేరం కూడా. వీసా మీద ఉన్నవాళ్లు ఇలాంటిది అసలు తెచ్చుకోకూడదు.

సెటప్‌కి వెళ్లే ముందు యూనిట్ వెనకో, సెటప్ కాగితం మీదో 19 అంకెల నంబరు చూడండి. మొదటి అంకె 1 అయితే కొత్త భద్రతా ప్రమాణం, 0 అయితే పాతది. పాతవి ఎంత ఆలస్యమైనా 2030 కల్లా పనికిరాకుండా పోతాయి. 0తో మొదలైతే దానికి సెటప్ డబ్బు పోయకండి. కొత్త యూనిట్, బిగింపు, సెటప్ కలిపి 15,000 నుంచి 25,000 యెన్లలో అయిపోతుంది. కొత్తది కొంటే యాంటెన్నా విడిగా ఉండే రకం తీసుకుని, కార్డు దూర్చే డబ్బాని కంటికి కనపడకుండా పెట్టించుకోండి. యాంటెన్నా ముందు అద్దం పైభాగంలో, అద్దానికి తాకుతూ ఉండాలి. ఎండ వేడి ఆపే లోహపు పూత ఉన్న అద్దాలు సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. అలాంటి కారుకి ఎక్కడ పెట్టాలో బిగించేవాడికి తెలుసు, మీరు సొంతంగా జరపకండి. 19 అంకెల నంబరుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, తర్వాత రెండు చోట్ల అడుగుతారు.

నడిపేటప్పుడు. ఇంజన్ ఆన్ చేయగానే కార్డు దూర్చండి, చిప్ ఏ వైపు ఉండాలో కార్డు మీది బాణం చెబుతుంది. యూనిట్ జపనీస్‌లో ఒక మాట పలుకుతుంది, చాలా యూనిట్లలో ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ‘యూకో కిగెన్’ అని వినిపిస్తే అది కార్డు గడువు తేదీ. గేటు కనపడ్డాక కంగారుగా దూర్చకండి. కార్డు చదవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోపు యాంటెన్నా దాటేస్తారు. గేటు పైన ఊదా రంగు బోర్డు ఉంటే ఈటీసీకి మాత్రమే, ఆకుపచ్చ బోర్డు ఉంటే ‘ఇప్పన్’, అంటే మనిషి లేదా మెషిన్ ఉండే మామూలు లేన్. రెండు పేర్లూ రాసి ఉంటే ఎవరైనా వెళ్లవచ్చు. కొత్తలో ఆ మిశ్రమ లేన్‌నే పట్టుకోండి. ఊదా లేన్‌లో 20 కిలోమీటర్ల వేగానికి దిగండి. బ్యారియర్ ఆలస్యంగా లేస్తుంది, ముందు కారు ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఎడం ఉంచండి.

ఏ కార్డుతో ఎక్కారో అదే కార్డుతో దిగాలి. ఎక్కడ ఎక్కారన్న సమాచారం దానిమీదే ఉంటుంది. మధ్యలో పార్కింగ్ ఏరియాలో ఆగి, భద్రత కోసం కార్డు తీసుకుని కాఫీకి వెళ్లి, తిరిగొచ్చాక పెట్టడం మరిచిపోయేవాళ్లు చాలామంది. అలాగని కారులో వదిలేయడమూ మంచిది కాదు. ఎండాకాలం డాష్‌బోర్డు వేడికి కార్డు వంగుతుంది. దొంగ ఎత్తుకుపోతే, కారులో వదిలిన కార్డుకి నష్టపరిహారం ఇవ్వని కంపెనీలు ఉన్నాయి.

బ్యారియర్ లేవకపోతే ఏం చేయాలో మాత్రం బాగా గుర్తుంచుకోండి. ఆ క్షణంలో ఆలోచన పనిచేయదు. హైదరాబాద్-విజయవాడ దారిలో పంతంగి దగ్గర ట్యాగ్ చదవకపోతే ఎవరో ఒకరు స్కానర్ పట్టుకుని అద్దం దగ్గరికి వస్తారు, లేదా వెనకవాళ్లు జరిగి దారి ఇస్తారు. ఇక్కడ అలా ఎవరూ రారు, వెనక్కి జరగడం అసలు కుదరదు. కారు ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. వెనక్కి పోవద్దు, కారు దిగి నడవవద్దు. పక్క లేన్‌లో కార్లు ఆగకుండా పోతుంటాయి, ప్రాణాలు పోయేది అక్కడే. కిటికీ దించితే పక్కన ఇంటర్‌కామ్ ఉంటుంది, ‘యొబిదషి’ అనే బటన్ నొక్కండి. నొక్కకముందే స్పీకర్‌లోంచి గొంతు వినిపించినా కంగారు పడకండి, కెమెరాలో చూస్తూనే ఉంటారు. ‘బా గా అకిమసెన్’ అంటే బ్యారియర్ తెరుచుకోలేదని. అంతకుమించి జపనీస్ రాకపోయినా ఫర్వాలేదు. కార్డు చూపించమంటారు, లేదా కాగితం టికెట్ తీసుకోమంటారు.

ఎక్కేచోట ఇలా జరిగి కాగితం టికెట్ ఇచ్చారనుకోండి. దిగేచోట ఊదా లేన్‌లోకి పోకండి, ఆకుపచ్చ లేదా మిశ్రమ లేన్‌కి వెళ్లి టికెట్, ఈటీసీ కార్డు రెండూ ఇచ్చి ‘ఈటీసీ కాదో దె ఒనెగై షిమస్’ అనండి. టోల్ కార్డు మీదే పడుతుంది. ఎక్కడం సరిగ్గా ఎక్కి దిగేచోట ఇబ్బంది వచ్చినా ఇదే పని. ఒకవేళ ఆగలేక దాటేసి బయటికి వచ్చేస్తే, రోడ్డు మీద ఆపి వెనక్కి నడవద్దు. భద్రంగా వెళ్లిపోయి, గేటు పేరు, సమయం రాసుకుని, అదే రోజు ఆ రోడ్డు కంపెనీకి ఫోన్ చేసి కట్టండి. కెమెరాలో ప్లేటు పడే ఉంటుంది, మీరే ముందు చెప్పడం మేలు.

బ్యారియర్ లేవకపోవడానికి కారణం ఎక్కువసార్లు చాలా చిన్నదై ఉంటుంది: కార్డు పెట్టలేదు, సగమే దూర్చారు, చిప్ మురికి పట్టింది, గడువు అయిపోయింది. ఈ చివరిది మనవాళ్లకి ఎక్కువ. ఇల్లు మారినప్పుడు వార్డు ఆఫీసులో చిరునామా మారుస్తారు, కార్డు కంపెనీలో మార్చరు. కొత్త కార్డు పాత ఇంటికి వెళ్లి తిరిగి కంపెనీకే చేరుతుంది.

‘ఈటీసీకి మాత్రమే’ గేటులోకి ఈటీసీ లేకుండా పొరపాటున వెళ్లిపోతే, అక్కడ ‘సపోర్ట్’ అని రాసిన లేన్ ఉంటుంది. అందులో ఆగి, బటన్ నొక్కి, చెప్పినట్టు చేయండి. తర్వాత కట్టే ఏర్పాటు చేస్తారు. సర్వీస్ ఏరియాల పక్కన ఉండే స్మార్ట్ ఇంటర్‌చేంజ్‌లు కూడా ఈటీసీ వాళ్లకే, కానీ అక్కడ తప్పకుండా పూర్తిగా ఆగాలి. ఆగాకే బ్యారియర్ లేస్తుంది. అన్నీ రాత్రంతా తెరిచి ఉండవు, అన్ని దిక్కులకీ దారి ఉండదు. నావిగేషన్ చూపించినా బోర్డు చూసుకోండి.

దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోతే భయపడి వెనక్కి తిప్పకండి. తర్వాతి ఎగ్జిట్‌లో మనిషి ఉండే లేన్‌కి వెళ్లి ‘దెగుచి ఒ మచిగాఎమషిత’ అని చెప్పండి. అదనపు టోల్ లేకుండా తిరిగి పంపే పద్ధతి ఉంది. ఊదా లేన్‌లోంచి బయటికి పోతే మాత్రం ఆ అవకాశం పోయినట్టే, అక్కడిదాకా టోల్ పడిపోతుంది.

రాయితీలు. నెక్స్‌కో రోడ్లలో సాధారణ భాగాల్లో మామూలు కారుకి కిలోమీటరుకి 24.6 యెన్లు, పైన 150 యెన్ల స్థిర రుసుము, మొత్తం మీద 10 శాతం పన్ను. 100 కిలోమీటర్లకి సుమారు 2,870 యెన్లు అవుతుంది. మీ కేయి కారుకి కిలోమీటరు ధర ఇందులో 80 శాతమే కాబట్టి సుమారు 2,330. శని, ఆది, పండగ రోజుల్లో పెద్ద నగరాల చుట్టుపక్కల కాని భాగాల్లో 30 శాతం తగ్గుతుంది, అప్పుడు సుమారు 1,630. గోల్డెన్ వీక్, ఒబోన్, కొత్త సంవత్సరం లాంటి రద్దీ రోజుల్లో ఈ రాయితీ ఉండదు. అందరూ బయల్దేరేది ఆ రోజుల్లోనే కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు పూర్తి ధర వేసుకోండి. రాత్రి 12 నుంచి 4 మధ్య కాసేపైనా రోడ్డు మీద ఉంటే 30 శాతం రాయితీ అన్నది చాలాకాలంగా ఉన్న పద్ధతి. దాన్ని రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా, ఆ సమయంలో నడిచిన దూరానికే వర్తించేలా మార్చాలని నిర్ణయించారు, అమలు వాయిదా పడుతూ వచ్చింది. రాత్రి ప్రయాణం పెట్టుకునే ముందు నెక్స్‌కో సైట్‌లో ఆ వారం ఏది అమల్లో ఉందో చూడండి. ప్రయాణమంతా కార్డు చేతికిచ్చి కడితే ఈ రాయితీలు రావు, వైర్‌లెస్‌గా దాటాలి.

‘ఈటీసీ మైలేజ్ సర్వీస్’లో నమోదు ఉచితం, కానీ దానంతటది జరగదు. కార్డు నంబరు, ఆ 19 అంకెల నంబరు, ప్లేటులో చివరి నాలుగు అంకెలు కావాలి. నెక్స్‌కో రోడ్లలో 10 యెన్లకి ఒక పాయింటు. 1,000 పాయింట్లకి 500 యెన్లు, 3,000కి 2,500, 5,000కి 5,000. తొందరపడి వెయ్యి దగ్గరే మార్చుకుంటే సగం విలువే వస్తుంది. పాయింట్లు తర్వాతి ఆర్థిక సంవత్సరం చివర, అంటే మార్చితో, పోతాయి కాబట్టి ఆ లెక్క చూసి ఎంతదాకా ఆగాలో నిర్ణయించుకోండి. పనిరోజుల్లో ఉదయం 6–9, సాయంత్రం 5–8 మధ్య నెలకి ఐదుసార్లు వెళ్తే 30 శాతం, పదిసార్లు, అంతకన్నా ఎక్కువ వెళ్తే 50 శాతం వెనక్కి ఇచ్చే రాయితీ కూడా ఈ నమోదు ఉన్నవాళ్లకే. అది కూడా పెద్ద నగరాల బయట, 100 కిలోమీటర్ల దాకా. కారు మారినా, కార్డు నంబరు మారినా ఇక్కడ కూడా మార్చాలి.

ఎక్కడ ఎంత పడిందో ‘ఈటీసీ రియో షోకై’ సైట్‌లో 15 నెలల వెనకటిదాకా చూసుకోవచ్చు. ఆఫీసుకి ఇవ్వాల్సిన రసీదు అక్కడే ప్రింట్ చేసుకోవచ్చు. షుతో మీంచి చువో ఎక్స్‌ప్రెస్‌వేలోకి వెళ్లి ఫుజి చూసొస్తే ఒక్క ప్రయాణానికి మూడు నాలుగు వరసలు కనిపిస్తాయి, కంపెనీలు వేరు కాబట్టి. రెండుసార్లు కట్ అయిందని కంగారు పడకండి. ఈ సైట్ పేరుతోనే ‘మీ ఖాతా రద్దవుతుంది, కార్డు వివరాలు మళ్లీ ఇవ్వండి’ అనే దొంగ మెయిళ్లు విపరీతంగా తిరుగుతున్నాయి. జపనీస్ పూర్తిగా రానివాళ్లు వీటికి సులువుగా చిక్కుతారు. మెయిల్‌లోని లింకు ఎప్పుడూ నొక్కకండి, మీరు భద్రపరచుకున్న చిరునామాతోనే సైట్ తెరవండి.

తప్పు మీది కాని రోజులూ ఉంటాయి. 2025 ఏప్రిల్ 6న నెక్స్‌కో మధ్య ప్రాంతపు రోడ్లలో ఈటీసీ దాదాపు 38 గంటలు దెబ్బతింది. కార్లు గేట్ల ముందు నిలిచిపోయాయి, చివరికి బ్యారియర్లు ఎత్తి, తర్వాత కట్టమని పంపించారు. అలాంటప్పుడు ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఎన్ని గంటలకి అన్నది రాసి పెట్టుకోండి. కాగితం ఏది ఇచ్చినా పారేయకండి.

మీ ఆవిడ కూడా నడుపుతారని రాశారు. ఈటీసీ కార్డు మీద పేరున్న మనిషే వాడాలన్నది కార్డు కంపెనీల నిబంధన. మీరు కారులో లేకుండా ఆవిడ మీ కార్డుతో వెళ్లడం దానికి విరుద్ధం. ఫ్యామిలీ కార్డు, దానికో ఈటీసీ కార్డు తీసుకోండి. రెంటల్ కార్లు, షేర్ కార్లలో యూనిట్ దాదాపు అన్నింట్లో ఉంటుంది, మీ కార్డు పెట్టుకుంటే చాలు. తిరిగిచ్చేటప్పుడు తీసుకోవడం మరవకండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు రెంటల్ కంపెనీలు చెప్పే విదేశీ పర్యాటకుల ఫ్లాట్ రేట్ పాస్‌లలో షుతో, హన్షిన్ రోడ్లు ఉండవు. టోక్యోలో తిరిగేదానికి టోల్ వేరేగా పడుతుంది.

ఎప్పుడో ఒకరోజు జపాన్ వదిలి వెళ్లాల్సి వస్తే వరస ఇలా పెట్టుకోండి. మైలేజ్ పాయింట్లని ముందే టోల్ మొత్తంగా మార్చి వాడేయండి, అవి నగదుగా చేతికి రావు. చివరి ప్రయాణం టోల్ బిల్లులోకి ఎక్కడానికి నెల, రెండు నెలలు పట్టవచ్చు. పాసోకా అయితే ఆ చివరి బిల్లు తీరాకే డిపాజిట్ తిరిగి ఖాతాలో పడుతుంది. విమానం ఎక్కే వారంలో హడావిడిగా బ్యాంకు ఖాతా మూసేస్తే ఆ డబ్బు పడడానికి చోటుండదు, బిల్లు బకాయిగా మిగిలిపోతుంది. ఊరు వదిలే రెండు మూడు నెలల ముందే కార్డు ఆపేసి, చివరి రోజుల్లో నగదుతో నడిపి, డిపాజిట్ పడ్డాక ఖాతా మూయండి.